హిమానీ – ఆరుగురి ప్రయాణం

హిమ శబ్దానికి ‘ఆనీ’ చేరితే హిమానీ అవుతుంది, అరణ్యం అరణ్యానీ అయినట్లు. ఇంద్రాణి, భవాని వంటి చోట్ల ఆ ప్రత్యయం భార్య అన్న అర్థాన్నిస్తుంది గాని, ఈ రెండు మాటలలో మాత్రం మహత్త్వాన్ని సూచిస్తుందని వైయాకరణులు వివరించారు. హిమానీ అంటే ఉత్త మంచు కాదు, గొప్ప మంచు, మంచు రాశి. దానికి నదాన్ని జోడించి మన భూగోళ పుస్తకాలవారు ‘హిమానీనదం’ అన్న చక్కని మాటను తయారు చేశారు. నేను తెలుగు పండితుడిగా ఈ సమాసాన్ని ఎన్నో ఏళ్ళు నల్లబల్ల మీద విడదీసి చూపించాను. వస్తువును మాత్రం ఒక్కసారీ చూడలేదు. చాంద్రాయణగుట్టలో మేమెరిగిన గొప్ప మంచు ఎండాకాలంలో గోనెపట్టా కప్పుకొని, రంపపుపొట్టు అంటించుకొని, బండి మీద నీళ్ళు కారుస్తూ వెళ్ళే ఐసుదిమ్మ. మా వీధిలో దానిని బరఫ్ అంటారు.

అటువంటి నాకు అలాస్కా వెళ్ళే ఓడను ఎంపిక చేసే బాధ్యత అప్పగించింది మా అమ్మాయి. వారుండేది సియాటిల్ సమీపంలో. మనవరాలికి పదిహేడేళ్ళు, వచ్చే శరదృతువులో కళాశాల చదువుకు వేరే రాష్ట్రం వెళ్ళిపోతుంది. మనవడికి పదమూడు. “నాన్నా, అందరమూ ఒకే చోట ఉండే వేసవి ఇదే చివరిది కావచ్చు. మీరూ అమ్మా జూన్‌లో రండి, ఓడలో ఉత్తరానికి వెళ్దాం” అంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఇంట్లో నలుగురూ నాలుగు ఓడలు కోరుకున్నారు. పంచాయతీ నా దగ్గరకు వచ్చింది. మాకు తెల్లవారి, వారికి క్రితం సాయంత్రమయ్యే వేళ రోజూ వీడియోలో సభ జరిగేది.

మొదట ఒక ప్రశ్నకు సమాధానం చెప్పాలి. మంచునది చూడాలంటే మన గంగోత్రి లేదా అని నా తోటి విశ్రాంత ఉపాధ్యాయులొకరు అడిగారు. ఉంది. సుమారు 30 కిలోమీటర్ల పొడవున ఉంది. కాని గంగోత్రి గ్రామం నుండి గోముఖానికి 18 కిలోమీటర్లు నడవాలి. మా ఆవిడ మోకాళ్ళు కేశవగిరి మెట్లకే మొరపెట్టుకుంటాయి. అలాస్కాలో విశేషమేమంటే, అక్కడి కొన్ని హిమానీనదాలు కొండల నుండి దిగి వచ్చి నేరుగా సముద్రంలో కాళ్ళు పెడతాయి. మనం ఎక్కనక్కరలేదు. ఓడ దానికెదురుగా నిలుస్తుంది. కుర్చీలో శాలువా కప్పుకొని కూర్చున్న అమ్మమ్మకూ, రెయిలింగు పట్టుకొని నిలబడ్డ మనవడికీ ఒకే దూరంలో ఒకే దృశ్యం. ముసలివారినీ పిల్లలనూ సమానం చేసే ప్రయాణాలు లోకంలో తక్కువ. నేను ఓడకు ఒప్పుకున్నది ఆ ఒక్క కారణం చేతనే.

మనవడి పక్షం సులభంగా అర్థమైంది. వాడు కోరిన ఓడలో నాలుగు వేల మంది పడతారు, పై అంతస్తులో చిన్న రేసు కార్లు నడిపే బాట ఉంది, నీటి జారుడుబల్లలున్నాయి. ఇందులో నాకు తప్పేమీ కనిపించలేదు. పదమూడేళ్ళవాడిని వారం రోజులు మంచు చూస్తూ ధ్యానం చెయ్యమనడం న్యాయం కాదు. అయితే ఓడల పటాలు ముందు పరచుకొని చూడగా ఒక సంగతి తేలింది. ఏ ఓడలో ఏమేమి ఆటలున్నాయన్నది ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఏ హిమానీనదం ముందు ఎన్ని గంటలు నిలుస్తుందన్నది వెతికి పట్టుకోవాలి. అందరి పేరూ ‘అలాస్కా యాత్ర’యే గాని, చూపించేవి వేరు.

స్థూలంగా మూడు దారులున్నాయి. ఒకటి గ్లేసియర్ బే. ఇది జాతీయ ఉద్యానవనం. పెద్ద ఓడలను వేసవిలో రోజుకు రెండింటికి మించి రానివ్వరు. అనుమతి పొందిన సంస్థల ఓడలే పోగలవు. ఉద్యానవనపు రేంజర్లు ఓడ ఎక్కి, పగలంతా వెంట ఉండి, చూస్తున్నదేమిటో చెబుతారు. రెండవది హబ్బర్డ్. సుమారు 76 మైళ్ళ పొడవు గల మహానదం ఇది, పైగా లోకమంతా మంచు వెనక్కు పోతున్న కాలంలో ముందుకు నడుస్తున్న అరుదైనది. 1986లోనూ 2002లోనూ పక్కనున్న రసెల్ ఫియర్డ్ నోటికి అడ్డుపడి దానిని కొంతకాలం సరస్సుగా మార్చింది. మూడవది జూనో నగరానికి దక్షిణాన ట్రేసీ ఆర్మ్, ఎండికాట్ ఆర్మ్ అనే ఇరుకు సముద్రపు పాయలు. ట్రేసీ ఆర్మ్‌లో 2025 ఆగస్టు 10న సౌత్ సాయర్ హిమానీనదం చెంత కొండచరియ విరిగిపడి పెను అల లేచింది. తెల్లవారుజామున కావడం వల్ల అక్కడ పెద్ద ఓడలేవీ లేవు. ఈ వార్త మా ఆవిడ చెవిన పడ్డాక మూడవ దారి చర్చకే రాలేదు.

తరువాతి చిక్కు చట్టానిది. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా గల ఓడ ప్రయాణికులను అమెరికా రేవు నుండి అమెరికా రేవుకు చేరవేయరాదు. నడుమ విదేశపు రేవును ముట్టాలి. పెద్ద ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుచేత సియాటిల్ నుండి బయలుదేరి సియాటిల్‌కే తిరిగివచ్చే ఓడలు సాధారణంగా కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం కొన్ని గంటలు ఆగుతాయి. పిల్లలు అమెరికా పౌరులు, అమ్మాయికీ అల్లుడికీ గ్రీన్‌కార్డులున్నాయి, వారికి బెంగలేదు. భారత పాస్‌పోర్టు గల మా ఇద్దరికీ మాత్రం కెనడా వీసా కావాలి. “రేవులో దిగము, ఓడలోనే ఉంటాము” అన్నా చెల్లదు. వెళ్ళి వేలిముద్రలిచ్చి వచ్చాము. నా వయసు తల్లిదండ్రులను పిలుచుకొనే పిల్లలు టిక్కెట్టు కొనే ముందే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఓడలో అన్నం పప్పు దొరుకుతాయా అన్నది రెండవ ప్రశ్న, ఇది మొదటిది.

ఇంతవరకూ వచ్చినవి లెక్కలు. అసలు కష్టం మనవరాలు తెచ్చింది. ఆమె ఏ ఓడా కోరలేదు. తాను రానంది.

“తాతయ్యా, మంచు కరుగుతోంది. దానిని చూడటానికి నూనె కాల్చే ఓడలో వెళ్ళడం నాకు సిగ్గుగా ఉంది” అన్నది ఆమె మాటల సారాంశం. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. కాని సందేహం ఎక్కడా లేదు. జూనో నగరం సంగతి చెప్పింది. అక్కడి మెండెన్‌హాల్ హిమానీనదం పక్కనున్న లోయలో మంచు కరిగి నీరు నిలుస్తోంది. అది 2011 నుండి మంచు అడుగున దారి చేసుకొని ఒక్కుమ్మడిగా బయటపడుతోంది. 2023, 2024, 2025 ఆగస్టులలో వరుసగా మూడేళ్ళూ నది మట్టం పాత రికార్డును దాటింది, ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. “ఆ ఊరి మీదుగా వెళ్ళి ఫోటోలు దిగుదామా?” అంది.

అమ్మాయికి కోపం వచ్చింది. అంత దూరం నుండి తాతయ్య వస్తుంటే ఇదేం మొండితనమని. నాకు కోపం రాలేదు. నేను చదివినది చెప్పాను. 1794లో వాంకూవర్ బృందం వచ్చేనాటికి గ్లేసియర్ బే అన్నది లేనే లేదు, ఒడ్డున చిన్న నొక్కు, దాని వెనుక మంచుగోడ. 1879లో జాన్ మ్యూర్ పడవలో వచ్చేసరికి ఆ గోడ నలభై మైళ్ళకు పైగా లోపలికి పోయింది. 1916 నాటికి సుమారు 65 మైళ్ళు. ఓడలూ కార్లూ ఇంతగా లేని రోజుల్లోనే కదా ఇది కరిగింది అన్నాను. ఆమె తొణకలేదు. అది చిన్న మంచుయుగం ముగిసినప్పటి సంగతి, ఇప్పుడు కరుగుతున్నది మన చేతుల మీదుగా, ఆ రెంటినీ ఒకటిగా కలపకూడదు అంది. నిజమే. నేను సమాసాలు విడదీసేవాడిని, ఆమె కారణాలు విడదీసింది.

ఆమె ఇంకొక దారి కూడా చూపించింది. అలాస్కా ప్రభుత్వం 1963 నుండి నడుపుతున్న ఫెర్రీలు. సియాటిల్‌కు ఉత్తరాన బెల్లింగ్‌హామ్‌లో ఎక్కితే కెచికాన్ మీదుగా జూనో దాకా పోవచ్చు. స్థానికులు తమ బండ్లూ సామాన్లతో ప్రయాణం చేసేది వీటిలోనే. కుర్రకారు పై డెక్కు మీద గుడారాలు వేసుకొని పడుకుంటారట. అమెరికా ఓడ గనుక కెనడాలో ఆగనక్కరలేదు, మాకు వీసా పని కూడా తప్పేది. నా మనసు చాలా దూరం అటు మొగ్గింది. కాని ఫెర్రీ మనుషులను ఊళ్ళకు చేరుస్తుంది, మంచు ఎదుట నిలబడదు. జూనోలో దిగి మళ్ళీ చిన్న పడవ ఎక్కాలి. ఆ ఎక్కడం దిగడం మా ఆవిడ వల్ల కాదు. అమ్మమ్మ కాళ్ళ మాట వచ్చేసరికి మనవరాలు చాలాసేపు మాట్లాడలేదు.

చివరకు కుదిరినది ఇది. రెండు వేల మంది పట్టే మధ్యస్థపు ఓడ, సియాటిల్ నుండి సియాటిల్‌కు ఏడు రోజులు, అందులో ఒక పగలంతా గ్లేసియర్ బే. రేసు కార్లు లేవు. పదమూడు నుండి పదిహేడేళ్ళవారికి ప్రత్యేకంగా గది ఉంది, పెద్దలకు ప్రవేశం లేదు. ఆ చివరి మాట వినగానే మనవడు సమాధానపడ్డాడు. మనవరాలు ఒక షరతు పెట్టింది. జూనోలో హెలికాప్టరెక్కి మంచు మీద దిగే విహారం వద్దు, మెండెన్‌హాల్ దగ్గర నగెట్ జలపాతం దాకా కాలిబాటన నడుద్దాం అని. రానుపోను రెండు మైళ్ళు, దాదాపు సమతలం. అమ్మమ్మ ఓపికున్నంత నడిచి కూర్చుంటుంది. అందరూ ఒప్పుకున్నాక ఆమె అన్నది: “వస్తాను తాతయ్యా. కాని సంతోషంగా వస్తున్నానని మాత్రం నా చేత అనిపించకండి.” అనిపించను అని మాట ఇచ్చాను.

ఆమె నాకు మరొక సంగతి కూడా చెప్పింది. గ్లేసియర్ బే హూనా ట్లింగిట్ ప్రజల సొంత నేల. మంచు ముందుకు దూసుకువచ్చి పదునెనిమిదవ శతాబ్దంలో వారి ఊళ్ళను తుడిచిపెట్టగా వారు లేచిపోయారు. మంచు వెనక్కు పోయాక వచ్చింది ఉద్యానవనం, దాని నిబంధనలు. 2016లో గాని వారి వంశాల ఇల్లు మళ్ళీ ఆ ఒడ్డున నిలబడలేదు. మంచు విరిగి సముద్రంలో పడే చప్పుడును వారు తెల్లని ఉరుము అంటారట. ఎంత మంచి మాట! హిమానీ అన్నవారికి ఆ మంచు గొప్పగా కనిపించింది, తెల్లని ఉరుము అన్నవారికి అది వినిపించింది.

పిల్లలున్న ఇళ్ళవారికి నేను చెప్పగలిగినది స్వల్పం. ఓడలోని ఆటల పట్టిక చూడండి, తప్పు లేదు, కాని మంచు ఎదుట గడిచే గంటలు ముందు లెక్కపెట్టండి. నలుగురినీ ఒకే క్యాబిన్‌లో కుక్కి డబ్బు మిగల్చాలని చూడకండి, ఆ వయసు పిల్లలకు తలుపు వేసుకునే హక్కు కావాలి. రాను అన్న పిల్లను పొగరుబోతని తీసిపారేయకండి. మా ఆరుగురిలో హిమానీనదాన్ని గురించి అందరికంటె ఎక్కువ తెలిసినది ఆమెకే, అందరికంటె ఎక్కువ బెంగ కూడా ఆమెకే. ఓడ గ్లేసియర్ బేలో నిలిచిన పగలు నేను ఆమె పక్కన నిలబడదలచుకున్నాను. ఏమీ బోధించను. ఆమె చెబితే వింటాను.

మిత్రులలో ఎవరైనా ఆ దారిన వెళ్ళివచ్చి ఉంటే, జూన్ నెలలో డెక్కు మీద కూర్చోవడానికి శాలువా ఒక్కటి చాలునో, కాశ్మీరు స్వెట్టరు కూడా కావాలో తెలియజేయగలరు. మా ఆవిడ ఇప్పటికే రెండూ పెట్టెలో పెట్టింది.