సంతకం దగ్గర ఆగిన కూరగిన్నె

మావారి ఉద్యోగరీత్యా కొన్నేళ్లు కలకత్తాలో ఉన్నాం. పక్కింటి మాషీమా (అంటే పిన్నిగారు) వాళ్లది తూర్పు బెంగాల్ నుంచి వలస వచ్చిన కుటుంబం. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ క్లబ్బంటే ఆవిడకి ప్రాణం. ఆ జట్టు గెలిచిందంటే వాళ్లింట్లో ఆవపెట్టిన ఇలీష్ చేప వండాల్సిందే. ఇలీష్ అంటే మరేమిటో కాదు, మన గోదావరి పులసే! ఓ గిన్నెడు మాకూ వచ్చేది.

2021 వర్షాకాలం నుంచి ఆ గిన్నె రాలేదు.

అంతకుముందు ఏడాది ఓ సిమెంటు కంపెనీ క్లబ్బులో డబ్బు పెట్టింది. తొలి ఒప్పందం మీద సంతకాలైతే అయ్యాయి గానీ, అసలు పత్రం దగ్గరకొచ్చేసరికి క్లబ్బు పెద్దలు మొరాయించారు. సంతకం పెడితే క్లబ్బు చేయిదాటిపోతుందని వీళ్లు, పెట్టనిదే కుదరదని వాళ్లు. జూలైలో అభిమానులు క్లబ్బు ముందు నిరసనకు దిగితే పోలీసులు లాఠీలు ఝళిపించారు. చివరికి ముఖ్యమంత్రి హోదాలో మమతా బెనర్జీ కలగజేసుకుంటే ఆ ఏడాదికి సర్దుబాటయింది. హడావిడిగా పోగేసిన జట్టు 20 ఆటల్లో ఒక్కటే గెలిచి, 11 జట్లలో ఆఖరున నిలిచింది. 2022లో కంపెనీ వెళ్లిపోయింది.

"అందరూ క్లబ్బు కోసమే అన్నారు తల్లీ, ఆట ఎవరికి పట్టింది?" అన్నారు మాషీమా.

నాకు మా అత్తవారింట్లో వాటాల తగువు గుర్తొచ్చింది. బీరువా తాళాలు ఎవరి దగ్గరుండాలని పెద్దవాళ్లు వాదించుకుంటుంటే, ఆ పూట పిల్లలకి అన్నం పెట్టాలని ఒక్కరికీ తోచలేదు.

పెద్దరికమంటే తాళాలు గుప్పిట్లో పెట్టుకోవడమా, పొయ్యి ఆరకుండా చూసుకోవడమా? మీరే చెప్పండి.