పాత మైకు పలకాలంటే...

పెళ్లయినా, తిరునాళ్లయినా, ఎలక్షను మీటింగయినా రాయలసీమ పల్లెల్లో ముందు వినిపించేది 'హలో... మైక్ టెస్టింగ్' అన్న మాటే. ఆ మాటను ఏళ్ల తరబడి మోసిన బరువైన పాత మైకులు ఇప్పుడు టెంటు హౌసుల అటకల మీద, సౌండు సర్వీసు షాపుల మూలల్లో దుమ్ము పట్టి కనిపిస్తాయి. వాటిని తక్కువ ధరకు అడిగి తెచ్చుకునే కుర్రాళ్లూ ఉన్నారు. కంప్యూటరు ఉంటే చాలు, ఇంట్లోనే పాట రికార్డు చేసుకోవచ్చు కదా!

ఎవరి పాట? చాలా ఇళ్లలో అది జేజినాయన పాట. బ్రహ్మంగారి తత్వాల పుస్తకం ఎక్కడైనా దొరుకుతుంది. వరుస మాత్రం పుస్తకంలో ఉండదు. భజన గుంపులో పెద్దల పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ల గొంతులోనే ఉంటుంది. ఎనభై ఏళ్ల గొంతు మూగబోతే వరుసా దాంతోనే పోతుంది. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక పల్లె పాటలకు రేడియో తలుపు తెరుచుకుంది. కానీ ప్రతి ఊరి పెద్దాయనా అక్కడిదాకా వెళ్లలేడు. అలాంటివాళ్లకు ఇంటి వరండానే స్టూడియో.

తీరా మైకు కలిపితే గుయ్‌మనే మోత తప్ప మాట రాదు. 'పాతది, పోయినట్టుంది' అని పక్కన పెట్టేస్తారు. నిజానికి డైనమిక్ మైకు అంత తేలిగ్గా పోయే సరుకు కాదు. అయస్కాంతం దగ్గర తీగచుట్ట కదిలితే కరెంటు పుడుతుందని 1831లో ఫారడే కనిపెట్టాడు. మైకులో జరిగేది అదే. ఉల్లిపొరలాంటి పల్చని రేకుకు సన్నని తీగచుట్ట అంటించి ఉంటుంది. మాట తగిలి రేకు వణికితే, అయస్కాంతం మధ్య ఆ చుట్ట కదులుతుంది. బ్యాటరీతో పని లేదు. అమెరికాలో 1966లో వచ్చిన షూర్ ఎస్ఎం58 మైకును ఇప్పటికీ స్టేజీల మీద వాడుతున్నారంటే ఈ పద్ధతి ఎంత గట్టిదో తెలుస్తుంది.

కాబట్టి అనుమానం ముందు వైరు మీదికి పోవాలి. వేరే వైరు పెట్టి చూడాలి. పిన్ను దగ్గర వైరును మెల్లగా వంచినప్పుడు గరగరమంటే టంకం ఊడినట్టే. మైకు లోహపు ఒంటిని ముట్టుకోగానే మోత తగ్గినా పెరిగినా ఎర్తు తీగ తెగిందేమో చూడాలి. ల్యాపుటాపు చార్జరు తీసేస్తే మోత ఆగితే తప్పు మైకుది కాదు. ఇక పాత మైకుల మీద ఉండే స్విచ్చి. దుమ్ము, తుప్పు చేరేది అక్కడే. దాన్ని ఇరవైసార్లు అటూ ఇటూ కదిపితే పలికే మైకులూ ఉంటాయి.

తర్వాతి మెలిక సాకెట్టు. ల్యాపుటాపు మైకు సాకెట్టు ఇయర్‌ఫోన్లలో ఉండే బుల్లి మైకుల కోసం చేసింది. డైనమిక్ మైకు ఇచ్చేది వోల్టులో వెయ్యో వంతుల లెక్క. అందులో గుచ్చితే గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. మధ్యలో చిన్న మిక్సరో, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేసో ఉండాలి. వాటి మీద '48 వోల్టులు' అని రాసిన మీట ఉంటే ఆపేయాలి. డైనమిక్ మైకుకు ఆ కరెంటు అక్కర్లేదు. పాత మైకుకు వైరు తప్పుగా కలిపి ఉంటే హాని కూడా. లావుపాటి జాకుతో వచ్చే పాత మైకుల్లో చాలావరకు హై ఇంపెడెన్సు రకం. వాటికి వైరు పొడవు పెరిగేకొద్దీ మాటలో స్పష్టత తగ్గి మోత పెరుగుతుంది. నాలుగైదు మీటర్లు దాటకపోవడం మంచిది.

అప్పటికీ పలకకపోతే మల్టీమీటరు తీయాలి. ఓముల మీద పెట్టి పిన్నులకు తాకిస్తే బాగున్న మైకు కొన్ని వందల ఓములో, వెయ్యి పైనో చూపిస్తుంది. లోపలినుంచి సన్నగా టిక్కుమంటుంది కూడా. మీటరు అసలు కదలకపోతే లోపల ఎక్కడో తీగ తెగింది. సున్నా చూపిస్తే తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి. జాలీ మూత విప్పితే కనిపించే స్పాంజి పొడిపొడిగా రాలుతుంటే మార్చాలి. గట్టిగా ఉంటే సబ్బునీళ్లలో ఉతికి ఆరబెట్టాలి. రేకును మాత్రం వేలితో తాకకూడదు, నోటితో ఊదకూడదు. తీగచుట్టే తెగితే పాత సౌండు సర్వీసు మెకానిక్కు దగ్గరకు పోవడమే దారి.

ఇంత శ్రమ ఎందుకంటారా? కడప బండలు, బేతంచెర్ల బండలు పరిచిన ఇంట్లో పలికిన మాట నేలకూ గోడకూ తగిలి తిరిగొస్తుంది. ఖరీదైన కండెన్సరు మైకు ఆ ప్రతిధ్వనిని, వీధిలో ఆటో హారన్నూ కలిపి పట్టేస్తుంది. డైనమిక్ మైకు ఎక్కువగా దగ్గరి గొంతునే వింటుంది. నాలుగైదు అంగుళాల దూరంలో కాస్త పక్కగా పెడితే 'ప', 'భ' అన్నప్పుడు గాలి కొట్టదు. కింద బొంత, వెనక దుప్పటి వేస్తే మరీ మంచిది. ఫ్యాను ఆపాలి గనుక కర్నూలు ఎండల్లో తెల్లవారుజామే అనువు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటకాలు మైకులు లేని కాలానివి. వెనక కూర్చున్నవాడికీ పద్యం వినపడాలని గొంతెత్తి పాడేవారు. పాత భజనపరుల గొంతూ అదే కోవది. ఈ మైకుకు కావలసిందీ అలాంటి గొంతే.

అయితే రిపేరులో పడి అసలు సంగతి మరిచిపోయేవాళ్లూ ఉంటారు. 'ఏమిరా అబ్బీ, పాడమంటావా, పోయి పండుకోమంటావా?' అని జేజినాయన అడిగేదాకా తెచ్చుకోకూడదు. మైకు ఈ వారం బాగుపడకపోతే వచ్చే వారం బాగుపడుతుంది. ఎనభై ఏళ్ల గొంతును అలా వాయిదా వేయలేం. ముందు సెల్‌ఫోనులోనైనా ఒకసారి పాడించి పెట్టుకోవాలి. మైకు పలికాక మళ్లీ తీరిగ్గా పాడించుకోవచ్చు. పాటకు ముందు ఆయన పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ ఆయన నోటితోనే చెప్పించాలి. ఆ రికార్డును రెండు చోట్ల దాచాలి. మనవడి మనవడికి ఆ వరుస ఎవరిదో తెలియాలి కదా!