పంచుకొన్నదే మిగిలింది

రెండేండ్లుగా మిత్రులతో కలిసి రూపొందిస్తున్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఉన్న నా కంప్యూటరు హార్డ్‌డిస్కు ఒకనాటి రాత్రి చెడిపోయింది. శ్రమ అంతా వృథా అయినదని కుమిలిపోయాను. మరునాడు మిత్రుడొకడు తన వద్దనున్న ప్రతిని పంపాడు. మొదటి రోజు నుండి మేము చేసిన మార్పులన్నీ తేదీలతో, పేర్లతో సహా అందులో భద్రంగా ఉన్నాయి.

అది మార్పుల చరిత్రను భద్రపరచే గిట్ చలువ. లినక్స్ కెర్నెల్ బృందానికి బిట్‌కీపర్ అనే సాధనం ఉచితంగా లభించని పరిస్థితి ఏర్పడగా, 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ దీనిని నిర్మించాడు. పాల్గొనే ప్రతివారి కంప్యూటరులోనూ సంపూర్ణ చరిత్ర నిలిచి ఉంటుంది.

అయితే, ఎవరికీ పంపక నా వద్దనే ఉంచుకొన్న మూడు రోజుల పని మాత్రం తిరిగి రాలేదు. దాచుకొన్నది పోయింది, పంచుకొన్నది మిగిలింది.