రేవు మారితే సంకల్పం మారుతుంది

కార్తీక సోమవారం తెల్లవారుజామున కొవ్వూరు గోష్పాద రేవులో మెట్లు కనపడనంత జనం. గౌతముడి దర్భపోచ తగిలి మాయగోవు పడిపోయిన చోటు ఇదేననీ, ఆ దోషం పోవడానికే ఆయన తపస్సు చేసి గంగను ఇక్కడికి రప్పించాడనీ స్థలపురాణం. నా ముందున్న పెద్దావిడ నేరుగా నీళ్ళలోకి దిగలేదు. వంగి దోసెడు నీళ్ళు నెత్తిన చల్లుకుని, "కాలు మోపుతున్నాను తల్లీ, తప్పు కాయి" అని, అప్పుడు దిగింది. అరటిదొప్పలో దీపం పెట్టి, కెరటానికి ఆరిపోకుండా చేత్తో నీళ్ళను నెమ్మదిగా తోసి సాగనంపింది.

"గోత్రం చెప్పండి బాబూ" అంటూ పురోహితుడు సంకల్పం మొదలుపెట్టారు. బ్రహ్మకాలం, మన్వంతరం, జంబూద్వీపం, భరతఖండం దాటుకుంటూ వచ్చి, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పి, చివరికి గోదావరి దక్షిణ తీరం దగ్గర ఆగింది. ఇంత విశ్వంలో నేనెక్కడ నిలబడ్డానో తేల్చి చెప్పింది నదే.

1974లో రాకపోకలు మొదలైన రోడ్డు కం రైలు వంతెన మీద బస్సు రాజమండ్రి చేరింది. కోటిలింగాల రేవులో అదే తంతు. ఇక్కడ మాత్రం ఉత్తర తీరం అన్నారు. ఏటికి అటూ ఇటూ రెండు ఊళ్ళు, రెండు సంకల్పాలు.

అక్కడి నుంచి ధవళేశ్వరం. 1830లలో కరువులు, 1839లో కోరంగి తుపాను ఈ సీమను తుడిచిపెట్టాక, సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేశాడు. ఇప్పుడున్న బ్యారేజీ దాని స్థానంలో తర్వాత కట్టినది. నిత్యం గోదావరి స్నానపుణ్యం దక్కేలా చేసిన ఆ ఇంగ్లీషు దొరను భగీరథుడిగా తలచుకునే సంస్కృత శ్లోకం ఈ జిల్లాల్లో ప్రచారంలో ఉంది. నదికి దూరంగా ఉన్న ఊళ్ళో కూడా పంచపాత్రలోకి గోదావరి నీళ్ళు వచ్చాయంటే ఆ కాలువల వల్లే మరి.

ఆ మాట నిజమని రాజోలు దగ్గర పిన్ని ఊళ్ళో తెలిసింది. గౌతమికీ వసిష్ఠకూ మధ్య ఉన్న కోనసీమ అది. కాలువ రేవులో మునిగి వచ్చి, కలశానికి గంధం పెట్టి, అక్షతలూ తులసిదళమూ వేసి, పైన చెయ్యి మూసి ఏడు నదుల పేర్లూ చెప్పుకుంది. గంగా యమునల వెంటనే గోదావరి. "వేసవిలో కాలువలు కట్టేస్తే ఏం చేస్తావు పిన్నీ?" అన్నాను. "ఏముందిరా, బోరు నీళ్ళయినా సరే, పిలిస్తే రాదేంటి గోదారి?" అంది. కార్తీకానికి కొవ్వూరు దాకా పోవాలనే ఆరాటం ఆవిడకు ఎన్నడూ లేదు. నాకేమో రేవులన్నీ తిరిగితే గాని తృప్తి లేదు.

ఆఖరి మజిలీ అంతర్వేది. తుల్యభాగ, ఆత్రేయ, భరద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వసిష్ఠ అని గోదావరికి ఏడు పాయలు. ఏడూ సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర చొల్లంగిలో మొదలై ఇక్కడ ముగుస్తుంది. లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకుని అన్నాచెల్లెళ్ళ గట్టుకు నడిచాను. ఏటి నీరూ కడలి నీరూ రంగు తేడా తెలుస్తూ పక్కపక్కనే కదులుతున్నాయి. దోసిట్లోకి తీసుకుంటే ఉప్పన. అయినా సంకల్పంలో అది వసిష్ఠ గోదావరే.

సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్ళే పంటు ఎక్కాను. నడిరేవులో ఒకాయన దణ్ణం పెట్టుకుని, పూజాద్రవ్యాలను ప్లాస్టిక్ కవరుతో సహా విసరబోయాడు. పంటు మీద పనిచేసే కుర్రాడు చెయ్యి పట్టుకున్నాడు.

"పువ్వులు తల్లికి వేసుకోండి, కవరు నాకివ్వండి. ఆయ్, పొద్దున్న మీరు ఆచమనం చేసింది ఈ నీళ్ళతోనే కదండీ?"

ఆయన నవ్వేసి కవరు ఇచ్చాడు. గోదావరికి మళ్ళీ పుష్కరాలు 2027లో. అప్పటికి రేవు రేవునా బోర్డులు ఎలాగూ పెడతారు. ఒక దాని మీదైనా ఈ కుర్రాడి మాట రాయించాలి.