ముందు చెడగొట్టి నేర్పాలి

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో శిక్షణ కేంద్రాల బోర్డులు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి. నెట్‌వర్కింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు అక్కడ ఏం చెబుతున్నారో చూడాలని వెళ్లాను. సిస్కో కంపెనీ ఇచ్చే సీసీఎన్‌ఏ సర్టిఫికెట్ పరీక్ష కోసం నడిచే బ్యాచ్‌లో కూర్చున్నాను. అందులో ఎక్కువమంది డిగ్రీయో డిప్లొమానో ముగించి, జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్నవాళ్లు. పాఠం తెలుగులో, కమాండ్లు ఇంగ్లిషులో సాగుతున్నాయి. ఆ పూట పాఠం, నెట్‌వర్క్‌ను చిన్న ముక్కలుగా విడదీసే సబ్‌నెట్టింగ్. స్లాష్ 26 అంటే 64 అడ్రసులు. నెట్‌వర్క్‌కి ఒకటి, బ్రాడ్‌కాస్ట్‌కి ఒకటి పోతే వాడుకోవడానికి 62. బోర్డు మీద లెక్క పూర్తికాకముందే వెనక వరసలోంచి జవాబు వచ్చింది. ఈ పిల్లల్లో తెలివికీ శ్రద్ధకూ లోటు లేదు. నాకు పేచీ ఉన్నది శిక్షణ నడిచే తీరుతోనే. టెక్నీషియన్‌కి ఫోన్ వచ్చేది నెట్‌వర్క్ ఆగిపోయినప్పుడు. కానీ కోర్సు మొత్తంలో విద్యార్థులు కట్టేవన్నీ సజావుగా నడిచే నెట్‌వర్కులే. ఆగిపోయినది ఎదురుపడటం అరుదు.

ల్యాబ్‌లో ప్రధానంగా వాడేది, నెట్‌వర్క్‌ను తెరమీదే అనుకరించే ప్యాకెట్ ట్రేసర్. సిస్కో ఉచితంగా ఇచ్చే ఈ సాఫ్ట్‌వేర్ లేకపోతే లక్షల ఖరీదు చేసే పరికరాల ముఖం చూడలేని విద్యార్థులకు ఆ చదువే అందేది కాదు. కానీ తెరమీద గీసిన కేబుల్‌కి తుప్పు పట్టదు, ఎలుక కొరకదు, క్రింపింగ్ వదులవదు. అసలు కేబుల్ ఎంత మోసం చేయగలదో ఒక ఉదాహరణ చాలు. 8 తీగలను నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత అని కంటికి ఇంపుగా వరసపెట్టి రెండు కొసలా ఒకేలా క్రింప్ చేస్తే, చవక టెస్టర్ మీద 8 లైట్లూ వరసగా వెలుగుతాయి. విద్యార్థి పాసయ్యాననుకుంటాడు. ఈథర్నెట్‌కి మాత్రం 3, 6 పిన్నులకు వెళ్లే తీగలు ఒకే జతవి కావాలి. ఈ వరసలో 3కి ఆకుపచ్చ జత తీగ, 6కి నీలం జత తీగ వెళ్తాయి. కలిసి మెలితిరగని తీగల మీద సిగ్నల్ పక్కవాటిలోకి చిందుతుంది. దూరం పెరిగేకొద్దీ తప్పులు పెరిగి వేగం పడిపోతుంది. మధ్యలో ఆకుపచ్చ జతను విడదీసి, దాని నడుమ నీలం జతను ఇరికించే టీ568బీ వరసను అందరూ బట్టీ పడతారు. ఎందుకలా అని తెలిసేది, తప్పు కేబుల్‌తో ఒకసారి కుస్తీ పట్టినప్పుడే.

ఆ రోజు విరామంలో మాత్రం ఫ్యాకల్టీ ఎవరికీ చెప్పకుండా, కంప్యూటర్లకు అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సేవను ఆపేశారు. తిరిగొచ్చి కంప్యూటర్లు వెలిగించినవాళ్లకు నెట్ రాలేదు. చాలామంది రౌటర్ కాన్ఫిగరేషన్‌ని మొదటినుంచి మళ్లీ కొట్టడం మొదలుపెట్టారు. ఒక అమ్మాయి మాత్రం తన కంప్యూటర్ అడ్రసు చూసి, అది 169.254తో మొదలైందని గమనించింది. అడ్రసు ఇచ్చేవాడు దొరకనప్పుడు విండోస్ తనకు తానే పెట్టుకునే అడ్రసు అది. జబ్బు ఎక్కడుందో ఆ ఒక్క అంకెలో దొరికింది. ఆ గదిలో నేను చూసిన మేలైన పాఠం అదే. సిలబస్‌లో దానికంటూ చోటు లేదు.

పరీక్షే ముఖ్యం కదా అని కేంద్రాలవాళ్లు అంటారు. వాళ్ల మాటలో బలం ఉంది. సీసీఎన్‌ఏ 200-301 పరీక్ష 120 నిమిషాలు, రుసుము 300 డాలర్లు. ఫెయిలైతే ఒక మధ్యతరగతి ఇంటికి అది చిన్న దెబ్బ కాదు. సిలబస్‌లోని 6 విభాగాల్లో ఐపీ కనెక్టివిటీకి 25 శాతం, ఆటోమేషన్‌కి 10 శాతం అంటూ వాటాలున్నాయి గానీ, లోపం వెతకడానికి విడిగా విభాగం లేదు. అందుకే కొందరు డంప్స్, అంటే బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు, బట్టీపట్టే దారి పడతారు. అది సిస్కో నిబంధనలకు విరుద్ధం. పైగా ఇంటర్వ్యూలో ‘పింగ్ వెళ్తోంది, వెబ్‌సైట్ తెరుచుకోవడం లేదు, ఏం చూస్తావు?’ అని అడిగితే బట్టీ అక్కడికక్కడే ఆగిపోతుంది. పేరు మీద పింగ్ వెళ్తోందా, అంకెల అడ్రసు మీదేనా అని ముందు ఆరా తీసేవాడికి, పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్ గుర్తొస్తుంది. ఇక క్లౌడ్ వచ్చాక తీగల పనేముందనే వాదన నాకు తేలికగా కనిపిస్తుంది. క్లౌడ్‌లోనూ సబ్‌నెట్లు, రూట్ టేబుళ్లు ఉన్నాయి. వైఫై యాక్సెస్ పాయింట్ వెనకా కేబులే ఉంది. ఎక్కడ పనిచేసినా కింది పొర నుంచి ఒక్కొక్కటే పరీక్షిస్తూ పైకి వెళ్లే అలవాటే అన్నం పెడుతుంది.

ఖర్చు, సమయం అనే అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తీసేయలేను. ఒక బ్యాచ్ లేచేసరికి ఇంకో బ్యాచ్ తలుపు దగ్గర నిలబడి ఉంటోంది. అయినా పాత స్విచ్‌లు రెండు, 305 మీటర్ల క్యాట్6 పెట్టె ఒకటి, క్రింపర్లు నాలుగు ఉంటే ఏడాది పొడవునా చెడగొట్టి బాగుచేయించవచ్చు. వారంలో ఒక తరగతి దీనికి కేటాయిస్తే సిలబస్ ఏమీ కుంటుపడదు. ఇందుకోసం కేంద్రాల మీద ఒత్తిడి తేగలిగింది ఫీజు కట్టే విద్యార్థులే. డెమో క్లాసులో ప్లేస్‌మెంట్ల గురించి అడిగేముందు, ‘ఈ ల్యాబ్‌లో మా చేత ఎన్ని లోపాలు వెతికిస్తారు?’ అని అడగాలి.