చిరునామా వేరు, చాటు వేరు

మా ఆత్రేయపురమున పూతరేకులు తీయుట ఆడువారి చేతిపని. పలుచని బియ్యపు పిండిలో గుడ్డ తడిపి, కాగిన కుండ వీపుపై ఒక్కలాగు లాగినచో రేకు వచ్చును. 2023లో వీనికి భౌగోళిక గుర్తింపును లభించినది. నేడు దూరపు బేరములు పెరిగి, పొయ్యికెంత పనియో మా యింటి కంప్యూటరుకును అంత పని యున్నది. ఎవరెన్ని పెట్టెలు కోరిరి, వారి యిండ్ల చిరునామాలేవి, రేకులు తీయు స్త్రీలలో ఎవరు పండుగకు ముందుగా ఎంత పుచ్చుకొనిరి, అన్నియు అందే యున్నవి. ఒకరి బాకీ మరియొకరికి తెలియుట మా వీధిలో చిన్న విషయము కాదు.

ఆ లెక్కలను రాజమహేంద్రవరమున కాపురమున్న మా అమ్మాయి వీపీఎన్ ద్వారా చూచుచుండును. వీపీఎన్ అనగా, అందరు నడచు ఇంటర్నెట్టు బాటమీదనే మనవారికి మాత్రము తాళముతో ఏర్పరచుకొను చాటుదారి. రాజవీధిలో తెరలు దించిన మేనా పోవుచున్నట్లనుకొనుడు. మేనా కనబడును, లోపలి మనిషి కనబడదు.

మొన్న అల్లుడుగారు వచ్చి, “అత్తయ్యగారూ, మన యింటికి ఐపీవీ6 చిరునామాలు వచ్చినవండీ. ఇక ఈ వీపీఎన్ ఎందులకు, తీసివేయుదము” అనిరి.

ఆయన మాటలో సగము నిజమున్నది. పాతరకపు ఐపీవీ4 చిరునామాలు ప్రపంచమంతటికిని దాదాపు 430 కోట్లే. వాని కేంద్రపు నిలువ 2011 ఫిబ్రవరిలో నిండుకొన్నది. అందుచేత పెక్కు యిండ్లకు కలిపి ఒకే చిరునామా నిచ్చు పద్ధతి వచ్చినది. వీధి కంతకును ఒకే తలుపు సంఖ్య యున్నచో, లోపలివారు వ్రాసిన జాబునకు బదులు రాగలదు గాని, పైనుండి తానై వచ్చిన చుట్టము మన గుమ్మమును కనుగొనజాలడు. అందువలననే మేము ఎక్కడనో ఒక కంప్యూటరును నెలకింతయని అద్దెకు పుచ్చుకొని, దాని మధ్యవర్తిత్వమున మా అమ్మాయిని లోనికి తెచ్చుకొనుచుంటిమి. ఐపీవీ6 సంఖ్యలకు కొరత లేదు. ఇంటిలోని ప్రతి యంత్రమునకు వేరు సంఖ్య యీయవచ్చును. దారి చూపుటకే వీపీఎన్ వాడువారికి ఇక దానితో పనిలేదు.

కాని చిరునామా గుమ్మమును చూపును. తలుపు తట్టినది ఎవరో చెప్పదు. క్రొత్త చిరునామాతో తాళము కూడ వచ్చునని కొందరి నమ్మకము. ఐపీసెక్ అను తాళమును ప్రతి యంత్రమునను ఉంచవలెనని మొదట నియమముండిన మాట నిజమే. 2011లో దానిని ఉంచుట మేలు అన్నంతవరకు సడలించిరి. ఉన్నచోటను ఎవరో ఒకరు వేయనిదే అది పడదు.

మరియొక చిక్కు కలదు. కొన్ని వీపీఎన్‌లు పాతరకపు రాకపోకలను మాత్రమే చాటున నడిపి, ఐపీవీ6 రాకపోకలను బయలున విడుచును. మేనాకు ఒకవైపే తెర! రైల్వేస్టేషనులోను, హోటలులోను వీపీఎన్‌ను నమ్ముకొనువారు దీనిని ముందుగా పరీక్షించుకొనవలెను.

అట్లని అన్నిటికిని వీపీఎన్ కావలెనని నేననను. బ్యాంకు పుటలు తమ తాళముతోనే వచ్చును. ఉచితమని చెప్పి పంచిపెట్టు వీపీఎన్‌లన్న నాకు భయము; బోయీలెవరో తెలియని మేనాలో ఎవరెక్కుదురు? జనులకు ఈ సేవలను అమ్మువారు ఖాతాదారుల పేళ్లు, చిరునామాలు ఐదేండ్లు దాచవలెనని మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిలున ఆజ్ఞాపించినది కూడ.

ఇదంతయు విని అల్లుడుగారు నవ్వి, “అయితే మేనా నుంచి, సత్రము మానుదమండీ” అనిరి. ఆ మాట నాకు నచ్చినది. ఇప్పుడు అమ్మాయి క్రొత్త చిరునామాకే తిన్నగా వచ్చును, కాని వీపీఎన్ తలుపుననే. తక్కిన తలుపులన్నియు మూసియే యున్నవి. మధ్యనున్న కంప్యూటరు అద్దె ఈ నెలతో ఆగినది.