పొల్లు ఏ కుప్పలోకి?

మా జహీరాబాద్‌లో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఒకే బోర్డు మీద కనిపిస్తాయి. నాన్నగారి చిరునామాల పుస్తకమూ అంతే. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, జావాస్క్రిప్ట్‌తో అక్షరాలు, అంకెలు, మిగిలినవి అని మూడు కుప్పలు పోయబోయాను. అక్షరాల కుప్పలో మా ఊరు 'జహరబద' అయింది!

యూనికోడ్ లెక్కలో ఆ పేరు తొమ్మిది సంకేతాలు. ఐదు మాత్రమే అక్షరాలు. గుడిదీర్ఘం, రెండు దీర్ఘాలు, పొల్లు వేరే వర్గానికి చెందిన గుర్తులు. అవి 'మిగిలినవి'లోకి పోయాయి. 2018 ప్రమాణంతో జావాస్క్రిప్ట్‌కు యూనికోడ్ వర్గాలను గుర్తుపట్టే వీలు వచ్చింది. అందులో అక్షరాల 'ఎల్' వర్గానికి గుర్తుల 'ఎమ్' వర్గాన్ని జతచేశాకే పేరు నిలబడింది.

పలక మీద గుణింతం దిద్దించిన నాన్నగారు హల్లునూ గుర్తునూ ఏనాడూ విడదీయలేదు. ఆయన రాసిన పేర్లను నేను దాదాపు విరిచేశాను.